తడి సుత్తికి లాకర్ పొయ్యకండి

పియానో పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఎక్కువమంది రారని తెలుసు. విశాఖపట్నంలో ఎక్కడెక్కడ పియానోలున్నాయో నా దగ్గర లెక్క ఉంది. చర్చీలు, మిషన్ స్కూళ్ళు, రెండు మూడు క్లబ్బులు, హోటళ్ళు, కొన్ని పాత ఇళ్ళు. ఆ లెక్క ఏటేటా తగ్గడమే తప్ప పెరగడం లేదు. ఉన్నవాటిని కూడా ఎవరు ఎలా పాడు చేస్తున్నారో చెప్పకుండా ఊరుకుంటే, నేను ఇన్నేళ్ళు పీల్చిన థిన్నర్ అంతా దండగ.

ముందు ఆ థిన్నర్ సంగతే చెబుతాను. నాకు యాభై ఏడేళ్ళు. పని మానేయాల్సిన వయసు కాదు. డాక్టరు మానేయమన్నాడు కాబట్టి మానేశాను. ఊపిరి అందడం తగ్గింది. ముక్కు పూర్తిగా పోయింది. ఇంట్లో అగరొత్తి వెలిగించినా, పక్కింట్లో ఎండు చేప వేయించినా నాకు ఒకటే. నాకు పని చూపించినవాళ్ళెవరూ మాస్కు పెట్టుకోలేదు, అందుకని నేనూ పెట్టుకోలేదు. మీరు పెట్టుకోండి. గుడ్డ ముక్క చాలదు, రసాయనాల ఆవిరిని ఆపే మాస్కు కొనండి. కిటికీలు తెరవండి. మగతనం ఊపిరితిత్తుల్లో ఉంటుందనుకునే వాళ్ళ దగ్గర పని నేర్చుకోకండి.

చిల్లు ఉన్న కప్పు

మా నాన్న అమలాపురం వైపు నుంచి పోర్టులో వడ్రంగి పనికి వచ్చాడు. నేను పదో తరగతితో చదువు ఆపి ఒక ఓడల మరమ్మతు యార్డులో, రంగులు కలిపే షెడ్డులో చేరాను. అక్కడి ఫోర్‌మన్‌ది ఒకటే సిద్ధాంతం: ఏదైనా చిక్కగా ఉంటే మంచిది. రంగు డబ్బాలో పుల్ల నిలబడాలి. అంత చిక్కటి రంగు పైన ఎండి లోపల పచ్చిగా ఉండిపోయేది. ఓడ తిరిగొచ్చేసరికి పొరలు పొరలుగా లేచేది. తప్పు తుప్పుదో, సముద్రానిదో, బ్రష్షు పట్టినవాడిదో అయ్యేది. ఆయనది మాత్రం ఎప్పుడూ కాదు.

రంగు చిక్కదనం కొలవడానికి అడుగున చిల్లు ఉన్న చిన్న కప్పు ఒకటి ఉంటుంది. దాంట్లో రంగు పోసి, ఎంతసేపట్లో కారిపోతుందో చూస్తే చాలు. ఒక విదేశీ ఓడ వాళ్ళు పారేసిన సామానులో అది నాకు దొరికింది. దాని వాడకం నాకు నేనే కనిపెట్టుకుని, ఏ రంగు ఎంత పలచన చేస్తే సరిగా పట్టుకుంటుందో లెక్క కట్టి ఫోర్‌మన్‌కి చూపించాను.

ఆయన కప్పుని తిప్పి చూశాడు. "దీనికి సిల్లుందిరా. టీ తాగడానికైనా పనికిరాదు" అని నలుగురి ముందూ నవ్వి డబ్బాల వెనక్కి విసిరాడు.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంటే. కప్పు వెతికి తెచ్చుకున్నాను. ఎంత ద్రవంలో ఎంత సరుకు కరిగితే ఆరిన తరవాత ఎంత మిగులుతుంది, ఎండాకాలంలో ఎంత, వానాకాలంలో ఎంత, ఈ లెక్కలన్నీ ఆ మంటతోనే నేర్చుకున్నాను. నేర్పడానికి ఎవరూ లేరు.

యార్డు ఆఫీసర్ల క్లబ్బులో ఒక పియానో ఉండేది. పై చెక్కకి స్పిరిట్ పాలిష్ పెట్టమని నన్ను పంపారు. పాలిష్ పెడుతూ మూత ఎత్తి లోపలికి చూశాను. వరసగా సుత్తులు, ప్రతిదానికీ ఉన్ని చొక్కా. మెట్టు నొక్కితే ఒకటి లేచి తీగను కొట్టి వెనక్కి పడింది. ఆ రోజు పాలిష్ పని సగంలో ఆగిపోయింది. ఆ తరవాత కోల్‌కతా నుంచి ఏడాదికోసారి వచ్చే ఒక ముసలి ట్యూనర్ వెంట తిరిగాను. ఆయన చెప్పేది తక్కువ, విసుక్కునేది ఎక్కువ. ఆయన చేతులు చూసి కొంత నేర్చుకున్నాను. మిగతాదంతా పాడైన సుత్తుల్ని బ్లేడుతో కోసి లోపల చూసి నేర్చుకున్నదే.

ఆ ఉన్ని ఏం చేస్తుంది

సుత్తి మధ్యలో చిన్న చెక్క ఉంటుంది. దాని చుట్టూ బాగా నొక్కి బిగించిన ఉన్ని ఉంటుంది, ఫెల్ట్ అంటాం. ఆ ఉన్నిని మెత్తటి గుడ్డ అనుకోకండి, స్ప్రింగు అనుకోండి. అది తీగను తాకి, కొంచెం నలిగి, వెంటనే వెనక్కి తన్నాలి. మరీ మెత్తబడితే తీగను పట్టుకుని ఉండిపోతుంది, దుప్పటి కప్పి గంట కొట్టినట్టుంటుంది. మరీ బిగుసుకుంటే స్టీలు పళ్ళెం మీద చెంచా. ఈ రెండింటి మధ్య చోటు వెతకడాన్ని వాయిసింగ్ అంటారు. బిగుసుకున్న ఉన్నిని సూదులతో గుచ్చి వదులు చేస్తాం. మెత్తబడ్డ ఉన్నికి గట్టిపరిచే ద్రావణం పెడతాం. సూదితో తప్పు చేస్తే దిద్దుకోవడానికి చాలాసార్లు దారి ఉంటుంది. ద్రావణంతో తప్పు చేస్తే చాలాసార్లు ఉండదు. అయినా సూదికి భయపడేవాళ్ళు సీసాకి భయపడరు. ఎందుకో నాకు అర్థం కాదు.

లక్క, లాకర్, ప్లాస్టిక్

నా చెయ్యి మొదట లక్క మీదికే పోతుంది. మైనం తీసిన లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించాలి. తూకంలో లక్క ఒక వంతయితే స్పిరిట్ ఇరవై వంతులు. నీళ్ళలా ఉందని నవ్వుతారు, నవ్వనివ్వండి. ఎక్కువైతే స్పిరిట్‌తో కడిగి కొంతైనా వెనక్కి తీసుకోవచ్చు. అదొక్కటే చాలు నాకు. దానికి శత్రువు మన ఊరి గాలి. స్పిరిట్ తేమని లాక్కుంటుంది. మూత వదులుగా ఉంటే సీసాలోకి సముద్రం వచ్చి కూర్చుంటుంది. అలాంటి స్పిరిట్‌తో చేసిన లక్క తెల్లగా పాలిపోయి, ఎన్నాళ్ళైనా జిగటగానే ఉంటుంది. చిన్న సీసాలు కొనండి. తెరిచి చాలాకాలమైన సీసాని తలుపులకి పాలిష్ పెట్టేవాడికి ఇచ్చేయండి.

లాకర్ అంటే ఫర్నిచర్ వాళ్ళు, కార్ల షెడ్డు వాళ్ళు కొట్టే మెరుపు పూతే. థిన్నర్‌లో కలుస్తుంది. బలంగా గట్టిపరుస్తుంది. ఫ్యాక్టరీ నుంచే మెత్తగా వచ్చే కొన్ని రకాల సుత్తులకి అది కావాలి కూడా, కాబట్టి లాకర్‌ని తిట్టడం లేదు. ఒక వంతుకి ఏడు వంతుల థిన్నర్ కలిపి పలచన చేసి, తీగను కొట్టే కొనకి దూరంగా, భుజాల మీద, అంటే సుత్తి రెండు పక్కలా పెట్టాలి. ఆగాలి. వినాలి. కావాలంటే మళ్ళీ పెట్టాలి. దాని గుణం ఒకటి గుర్తుంచుకోండి. పైన తొందరగా ఆరినట్టు కనిపిస్తుంది గాని లోపల వారాల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. పోసిన సాయంత్రం మీరు విన్నది ఆ సాయంత్రం మోత మాత్రమే. వచ్చే నెల మోత ఇంకా పుట్టలేదు.

మూడోది ప్లాస్టిక్. మెట్ల పైన ఉండే తెల్ల ప్లాస్టిక్ పలకల్లో విరిగినవాటిని ఎసిటోన్‌లో కరిగించి, పై స్థాయి చిన్న సుత్తులకి చుక్కగా పెడతారు. త్వరగా ఆరి ఆ రోజే నిజం చెబుతుంది. కానీ ఏ ప్లాస్టిక్కో తెలియకుండా కరిగించొద్దు. నీళ్ళ పైపులు అతికించే జిగురు పోసినవాణ్ణి చూశాను. ఎలమంచిలిలో ఒక స్కూలు పియానోకి వడ్రంగులు వాడే తెల్ల జిగురు నీళ్ళలో కలిపి పోశాడు ఇంకొకడు. ఉన్ని ఉబ్బి, పక్కపక్క సుత్తులు అంటుకుపోయాయి. మెట్టు ఒకటి నొక్కితే మూడు లేచేవి. అడిగితే, "ఒకటి నొక్కితే మూడు పలుకుతన్నాయి, ఇంకేటి కావాలి బావా" అన్నాడు. నేను నవ్వలేదు. అది పిల్లలు నేర్చుకునే పియానో.

మూడింట్లో ఏది ఎంచుకోవాలన్నది రెండో ప్రశ్న. అసలు ఏదైనా పెట్టాల్సిన అవసరం ఉందా అన్నది మొదటి ప్రశ్న. సుత్తి అరిగి మెత్తబడిందా, లేక తడికి మెత్తబడిందా? ఇది అడగనివాడి చేతికి సీసా ఇవ్వకూడదు. ఎందుకు ఇవ్వకూడదో తెలియాలంటే సువార్త టీచరుగారికి ఏం జరిగిందో వినాలి.

సువార్త టీచరుగారి చెయ్యి

పాత ఊళ్ళో, పోర్టు వైపు, ఒక చర్చి ఉంది. పేరు రాయను. అక్కడ కీర్తనలకి పియానో వాయించేది సువార్త టీచరుగారు. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నన్ను తమ్ముడూ అని పిలుస్తారు. ఆవిడ ఎప్పుడూ గట్టిగా కొట్టరు. నెమ్మదిగా వాయిస్తేనే వెనక వరస దాకా వెళ్ళే చెయ్యి అది. భర్త పోయిన తరవాత ఆవిడకి ఆదివారం పొద్దున్న ఆ స్టూలు మీద కూర్చోవడమే వారానికి మొదలు.

ఆ హాలుకి సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. అందుకని చాలా ఏళ్ళ కిందటే పియానో కింది భాగంలో, పెడల్స్ వెనకాల, నలభై వాట్ల పాతరకం బల్బు ఒకటి పెట్టించాను, చుట్టూ రేకు కప్పుతో. సముద్రం ఒడ్డున పియానో ఉన్న పాత ఇళ్ళలో ఇది ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. బల్బు రాత్రీ పగలూ వెలుగుతుంది. ఆ వేడికి లోపల గాలి పొడిగా ఉండి ఉన్ని బిగువు తగ్గదు. దాని వెలుగుతో ఎవరికీ పని లేదు, వేడి కోసమే దాన్ని పెట్టేది.

నేను చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి వెళ్ళి శ్రుతి చేసేవాణ్ణి. ఈ గొడవ జరిగిన ఏడాది వేసవిలో అంతా బాగుంది. ఆ తరవాత జరిగింది ఒక్కొక్కరి నోటా విన్నాను. వరసలో పెట్టి చెబుతాను.

కరెంటు ఖర్చు తగ్గించాలని చర్చి కమిటీ బల్బులన్నీ తీసేసి ఎల్‌ఈడీ పెట్టమంది. చర్చి కాపలా చూసే ప్రకాశం అన్నీ మార్చాడు. పియానోలోది కూడా మార్చాడు. వానలు వచ్చాయి. లోపల వేడి లేదు. ఉన్ని తేమ పీల్చి మెత్తబడింది. పియానో మూలుగుతోంది, వెనక వరసలకి వినిపించడం మానేసింది.

వినిపించకపోతే అందరూ ఎటు చూడాలి? పియానో వైపు చూడాలి. అందరూ ఆవిడ వైపు చూశారు. జుట్టు నెరిసింది కదా, చూడగానే కారణం దొరికింది. చర్చి సెక్రటరీగారు పోర్టులో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఒక ఆదివారం ప్రకటనల్లో, మైకులో, టీచరుగారి చేతిలో మునుపటి బలం తగ్గిందనీ, ఆవిడకి విశ్రాంతి ఇచ్చే సంగతి కమిటీ ఆలోచిస్తోందనీ చెప్పారు. ఆయన దాన్ని మర్యాద అనుకున్నారు. ఆవిడ అప్పుడు అందరి ముందూ ఆ స్టూలు మీదే కూర్చుని ఉన్నారు.

ఆవిడ ఊరుకోలేదు. పియానో చల్లబడిందని కమిటీకి చెప్పారు. ఇన్నేళ్ళూ వాయిస్తుంటే ఎదుటి చెక్క నుంచి మోకాళ్ళకి, పాదాలకి వెచ్చగా తగిలేదని, ఇప్పుడు తగలడం లేదని చెప్పారు. అంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? కమిటీలో ఒకాయన, వయసు మీద పడితే కాళ్ళు చల్లబడతాయమ్మా, సాక్సులు వేసుకోండి అన్నాడట.

అదే రోజుల్లో ఏదో హోటలు పని మీద బయట నగరం నుంచి ఒక షోరూం టెక్నీషియన్ వచ్చాడు. సెక్రటరీగారు అతన్ని పిలిపించారు. నాకు ఫోను చెయ్యలేదు. సత్యం గారిని, అంటే నన్ను, పిలిస్తే ఆగండి, చూద్దాం అంటారు అనుకున్నారట. నిజమే, అంటాను. అదే నా పని.

వచ్చినతను పై మూత తీసి, తడితో ఉబ్బిన సుత్తుల మీద, సరిగ్గా తీగను కొట్టే కొన మీద, చిక్కటి లాకర్ పోశాడు. సాయంత్రానికి పియానో పెద్దగా మోగింది. అందరూ సంతోషించారు. క్రిస్మస్‌కి హాల్లో ఏసీలు పెట్టించి కిటికీలు మూశారు. గాలి పొడిబారింది. ఉన్ని ఎండింది, లోపల లాకర్ బిగుసుకుంది. ప్రతి స్వరం పళ్ళెం కింద పడ్డట్టు మోగడం మొదలైంది. ఆవిడ వేలు ఆనించినా మోగుతుంది. అప్పుడేమన్నారో తెలుసా? టీచరుగారు కోపం పియానో మీద తీర్చుకుంటున్నారు అన్నారు. కొత్త ఏడాది నుంచి రావద్దని మర్యాదగా చెప్పి, ఒక అబ్బాయితో కీబోర్డు పెట్టించారు.

నేను లెక్కల మనిషిని. ఒకే చెయ్యి వానల్లో దూదై, చలికాలంలో ఇనుమైపోతుందా? మారింది ఏది, మారనిది ఏది అని ఒక్కరైనా చూసుకోవద్దా? మారనిది ఆ చెయ్యి ఒక్కటే. తప్పు దాని మీద వేశారు.

లోపల వెలుగు

చలికాలం శ్రుతికి నేను మామూలుగానే వెళ్ళాను. నాకు ఏమీ తెలియదు. ఒక మెట్టు నొక్కి ఆగిపోయాను. సుత్తుల వరస బయటికి లాగితే కొనలన్నీ గోధుమ రంగు పెంకు కట్టి మెరుస్తున్నాయి. కింది పలక తీశాను. తెల్లటి వెలుగు మొహం మీద పడింది. రేకు కప్పు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది.

ప్రకాశాన్ని పిలిచి ఇది ఎవరు మార్చారని అడిగాను.

"నానే సార్. కమిటీవోలు అన్నీ మార్సీమన్నారు. పాతది కరెంటు తినేత్తాది. ఇది సూడండి, లోపల ఎంత ఎలుగో."

"లోపల వెలుగు ఎవరికి కావాలి ప్రకాశం?"

అతను వంగి బల్బు వైపు చూశాడు. "నానూ అదే అనుకున్నాను సార్, పియానోలో కూకుని ఎవులు సదువుతారని. అన్నీ అన్నారు గదా అని మార్సీసినాను."

అతని మీద నాకు కోపం రాలేదు. ఆ బల్బు ఎందుకుందో అక్కడ రాసి పెట్టి ఉంటే అతను మార్చేవాడు కాదు. ఆ తరవాత పని మానేసేదాకా ప్రతి పియానోలో ఎర్ర రంగుతో రాసి పెట్టాను: ఇది వేడి కోసం, మార్చవద్దు. మీరూ రాయండి.

ఏం పోశాడో తెలియాలి. వాసన చూసి చెప్పే ముక్కు నాకు లేదు. పైస్థాయి చివరి సుత్తి మీద, ఎక్కువగా వాడనిదాని మీద, స్పిరిట్ తడిపిన దూది రుద్దాను. లక్క అయితే దూదికి జిగురు అంటుతుంది. అంటలేదు. థిన్నర్ దూదితో రుద్దితే అంటింది. అంటే లాకర్. ఎంత చిక్కగా పోశాడో దూది చెప్పదు. అందుకని నంబరు సంపాదించి ఆ షోరూం అతనికి ఫోను చేశాను.

అతను దాచలేదు. సగానికి సగం కలిపానన్నాడు. కింది పలక తీసి చూశావా అంటే, సందులోంచి బల్బు వెలుగుతూ కనిపించింది, ఉంది కదా అనుకున్నానన్నాడు. తడి సుత్తి అని తెలియలేదా అని అడిగాను.

"బ్రదర్, నేను ఒక్క పూటకి వచ్చాను. కస్టమర్‌కి ఆ పూటే సౌండ్ కావాలి. పలచగా పోసి మళ్ళీ వస్తానంటే ఇంకోణ్ణి పిలుస్తారు. ఆ అమ్మగారు ఒక్క సుత్తికి పోసి చూడమన్నారు, కరెక్టే. పక్కనున్న సెక్రటరీ సార్ అన్నీ పొయ్యమన్నారు. డబ్బిచ్చేది ఎవరు?"

ఒక్క సుత్తికి పోసి చూడమన్నారు. ఈ పనిలో ఇంతకు మించిన సూత్రం లేదు. అదే ఆవిడ అడిగారు. చేతిలో సీసా ఉన్నవాడు వినలేదు, పక్కన నిలబడ్డవాడు విననివ్వలేదు. మీరు రేపు ఏదో ఒక హాల్లో అలాగే నిలబడతారు. పక్కన ఒక పెద్దమనిషి అన్నీ పొయ్యమంటాడు. అప్పుడు సీసా మూత పెట్టి బయటికి వచ్చేయండి. రాలేకపోతే ఈ పనిలో ఉండకండి.

తీసినంత తీశాను

సెక్రటరీగారికి జరిగిందంతా చెప్పాను. బల్బుకీ మోతకీ సంబంధమేంటండీ అన్నారు. ప్రకాశం పాత బల్బు పారెయ్యకుండా సామాన్ల గదిలో దాచాడు. దాన్ని తెప్పించి పెట్టి, కాసేపయ్యాక ఆయన చేతిని రేకు మీద పెట్టించాను. చెయ్యి వెంటనే తీసేసుకున్నారు. ఆ తరవాత సంబంధమేంటని అడగలేదు.

పియానో పూర్తిగా పొడిబారేదాకా సుత్తుల్ని ముట్టుకోలేదు. ఆరాక పెంకుని సన్నటి ఉప్పుకాగితంతో తీశాను. కొన మీద థిన్నర్ చుక్కలు వేస్తూ, కరిగిన లాకర్‌ని దూదితో పైకి లాగాను. రానిదాన్ని కొన నుంచి లోపలికి దిగేలా చేశాను. ఆరాక భుజాల్లో సూదులు గుచ్చాను. మళ్ళీ విన్నాను. మధ్య స్థాయి తిరిగి వచ్చింది. మంద్రం పరవాలేదు. పై స్థాయి రాలేదు. అక్కడ ఉన్ని పలచన, లాకర్ చెక్క దాకా దిగిపోయింది. కొత్త సుత్తులు బయటి దేశం నుంచి తెప్పించాలని చెప్పాను. తరవాత చూద్దామన్నారు.

చివరి పని మిగిలింది. వాయించేవాళ్ళ చెయ్యి వింటూ చివరి సూదులు గుచ్చాలి, అది నా చేతితో అయ్యేది కాదు. ఆ మాట సెక్రటరీగారికి చెప్పి, టీచరుగారిని పిలిపించమన్నాను. కీబోర్డు అబ్బాయి వాయిస్తాడు కదా అన్నారు. ఈ పియానో ఎవరి చేతికి అలవాటైందో వాళ్ళు రాకపోతే పని ఇక్కడితో ఆపుతానన్నాను. పిలిపించారు.

ఆవిడ వచ్చి, కూర్చోకుండా ముందు వంగి కింది చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశారు. తరవాత కూర్చుని చాలా మెల్లగా నాలుగు పంక్తులు వాయించారు. పళ్ళెం మోత విన్నచోట గుర్తు పెట్టుకుని సూది వేశాను. మళ్ళీ వాయించారు. వెనక కుర్చీలో సెక్రటరీగారు, కమిటీలో ఇద్దరు కూర్చున్నారు. అంతా అయ్యాక ఆయన లేచి, చాలా సంతోషం, పియానో బాగైంది అన్నారు.

ఆవిడ స్టూలు మీదే వెనక్కి తిరిగారు. "పియానో బాగైందంటన్నారు. నా సెయ్యి సంగతేటి?"

ఆయన నేల వైపు చూసి, చేతికేమండీ, బాగానే ఉంది అన్నారు.

"మైకులో అన్నారు గదా. మైకులోనే సెప్పండి."

ఆవిడ సంచీ తీసుకుని నడిచారు. గుమ్మం దగ్గర నాతో మాత్రం, "అరవై ఏళ్ళు దాటాక ఒక మాట పడితే, దాన్ని కడుక్కోడానికి నాకెంత టైముంది తమ్ముడూ" అన్నారు.

ఆదివారం

నేను ఆ మతంవాణ్ణి కాను. అయినా వెళ్ళి వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. టీచరుగారు పియానో దగ్గర కూర్చున్నారు. సెక్రటరీగారు మైకు దగ్గరికి వచ్చి ప్రకటనలు చదివారు. పియానో మరమ్మతు పూర్తయింది, సహకరించినవారికి వందనాలు అన్నారు. నా పేరు కూడా చెప్పారు. చెప్పి కూర్చున్నారు. పాస్టరుగారు కీర్తన సంఖ్య చెప్పారు. అందరూ పుస్తకాలు తెరిచి లేచి నిలబడ్డారు.

పియానో మొదలవలేదు.

ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. తల వంచుకోలేదు, ఎవరి వైపూ చూడలేదు. పేజీలు తిప్పే చప్పుడు ఆగిపోయింది. ఎవరో దగ్గారు. కీబోర్డు అబ్బాయి తన స్విచ్చు మీద వేలు పెట్టి, ఆవిడని చూసి, వేలు తీసేశాడు. పాస్టరుగారు మళ్ళీ సంఖ్య చెప్పారు. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

సెక్రటరీగారు లేచారు. ఉన్నచోటు నుంచే ఏదో అన్నారు, నాకు వినిపించలేదు. ఆవిడ కదల్లేదు. అప్పుడు ఆయన నడిచి మైకు దగ్గరికి వెళ్ళారు.

"వానాకాలంలో టీచరుగారి చేతి గురించి ఇక్కడ నేనొక మాట అన్నాను. అది తప్పు. ఆవిడ చేతిలో ఏ లోపమూ లేదు. మేం బల్బు మార్చాం. ఆవిడ చెప్పారు. మేం వినలేదు."

టీచరుగారు పాదాలు పెడల్స్ మీదికి జరిపారు. మోకాలితో చెక్కని ఒకసారి తాకి చూసుకున్నారు. తరవాత వాయించారు.

మధ్య స్థాయి నిండుగా, గుండ్రంగా, నేను నిలబడ్డ తలుపు దాకా వచ్చింది. వందలమంది పాడుతున్నా ఆ మెల్లని చెయ్యి విడిగా వినిపించింది. చివరి చరణంలో పాట పైకి వెళ్ళింది. అక్కడ ఆ పళ్ళెం మోత వచ్చింది. ఆవిడ ఇంకా మెల్లగా వాయించారు. అయినా వచ్చింది. అది నేను తియ్యలేకపోయింది. ఆ సుత్తులు మార్చేదాకా ప్రతి ఆదివారం అందరికీ వినిపిస్తూనే ఉంటుంది.